పాత ప్యాకెట్ నెట్‌వర్కుల్లో ఫైలు పంపడానికి ఏ ప్రోటోకాల్ ఎంచుకోవాలి? గోదావరి డెల్టా హామ్‌లకు, పాత కంప్యూటర్ల ప్రియులకు సమగ్ర మార్గదర్శి

ఫైలు పంపే ప్రోటోకాల్‌ను, అంటే రెండు కంప్యూటర్లు పాటించే నియమాలను, చాలామంది పేరు విని ఎంచుకుంటారు. ఎవరో జెడ్‌మోడెమ్ వేగం అన్నారని అది పెట్టేస్తారు. ఎఫ్‌టీపీ అలవాటు కాబట్టి అన్నిచోట్లా అదే వాడతారు. సమాచారాన్ని చిన్న ముక్కలుగా పంపే పాత ప్యాకెట్ నెట్‌వర్కుల్లో (టెలికాం లైన్ల మీద ఎక్స్.25, రేడియో మీద ఏఎక్స్.25) ఇలా ఎంచుకుంటే ఫైలు సగంలో ఆగిపోవచ్చు, ఐదు నిమిషాల పని అరగంట పట్టవచ్చు. ముందు దారిని, అంటే రెండు కంప్యూటర్ల మధ్య ఉన్న లింకును, పరీక్షించాలి. దారి సంగతి తెలిశాక ప్రోటోకాల్ ఏదో దాదాపు దానంతట అదే తేలిపోతుంది. ఈ వ్యాసమంతా ఆ పరీక్ష గురించే.

మన ప్రాంతంలో దీని అవసరం ఇద్దరికి ఉంది. మొదటివాళ్లు రెండు మీటర్ల బ్యాండులో ప్యాకెట్ రేడియో నడిపే హామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియో నడిపేవాళ్లు. 2022 జూలై వరదలో కోనసీమ లంక గ్రామాలు ఎలా తెగిపోయాయో మనం చూశాం. కరెంటు పోయి, సెల్ టవర్ల బ్యాటరీలు కూడా అయిపోతే, కారు బ్యాటరీ మీద నడిచే రేడియో, ఒక లాప్‌టాప్ మిగులుతాయి. అప్పుడు పంపాల్సినవి సినిమాలు కావు: పునరావాస కేంద్రాల జాబితా, మందుల అవసరాలు, ధవళేశ్వరం దగ్గర గంటగంటకూ నీటిమట్టం. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని తెలిసినవాళ్లకు ఆ పట్టికలో ఒక్క అంకె తప్పుపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండోవాళ్లు, పాత రౌటర్లు కొని ఎక్స్.25ను ఇంట్లోనో కాలేజీ ల్యాబులోనో మళ్లీ నడిపిస్తున్న విద్యార్థులు, రిటైరైన టెలికాం ఉద్యోగులు. 1990లలో టెలికాం శాఖ నడిపిన ఐ-నెట్ ఈ ఎక్స్.25 మీద నడిచిందే. ఇద్దరి దారులూ వేరు, అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఒకటే.

మొదటి అడుగు: ఎనిమిది బిట్లూ దాటుతున్నాయో లేదో చూడండి

తెలుగులో రాసేవాళ్లకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాను.

కంప్యూటర్లు తెలుగును దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షర చిహ్నానికి మూడు బైట్లు పడతాయి. ‘అమలాపురం’ అన్న మాటలో అలాంటి చిహ్నాలు 8 ఉన్నాయి, అంటే 24 బైట్లు. ఆ బైట్లన్నిటిలోనూ ఎనిమిదో బిట్ 1గా ఉంటుంది. దారిలో ఎక్కడైనా ఒక పాత పరికరం ఏడు బిట్లే దాటనిచ్చి ఎనిమిదోది కత్తిరించేస్తే, ‘ల’ అక్షరం `02 అని, ‘ర’ అక్షరం `00 అని చేరుతుంది. అవతలి తెరమీద సున్నాలు, వెనక్కి వాలిన కొటేషన్ గుర్తులు వరసగా కనిపిస్తే కారణం ఇదే. ఫాంటు సమస్య అనుకుని ఫాంట్లు వెతుక్కుంటూ కూర్చోకండి.

ఇంతవరకైతే అక్షరాలు చెడిపోవడమే. కొన్ని అక్షరాలు లింకునే ఆపేస్తాయి. ‘ఓ’ చివరి బైటు హెక్స్‌లో 93. ఎనిమిదో బిట్ పోతే అది 13, అంటే ఎక్స్‌ఆఫ్: ‘పంపడం ఆపు’ అనే ఆజ్ఞ. ‘ఐ’ చివరి బైటు 90, బిట్ పోతే 10, అంటే కంట్రోల్-పి. ఎక్స్.25 నెట్‌వర్కుకు మామూలు టెర్మినల్‌ను కలిపే ప్యాడ్‌కు అది ‘డేటా ఆపి కమాండ్ మోడ్‌లోకి రా’ అన్న సంకేతం. ఇప్పుడు మన మండలాలు, ఊళ్ల పేర్లతో ఒక జాబితా పంపుతున్నారనుకోండి. ‘ఐ. పోలవరం’ దగ్గర ప్యాడ్ కమాండ్ మోడ్‌లోకి జారుకుంటుంది. ‘ఓడలరేవు’ దగ్గర లైను నిలిచిపోతుంది. ‘దుఃఖం’లోని విసర్గ కూడా తక్కువది కాదు. దాని చివరి బైటు బిట్ పోతే కంట్రోల్-సి అవుతుంది. టీఎన్‌సీ-2 రకం రేడియో మోడెములను సంభాషణ మోడ్ నుంచి బయటికి లాగేది అదే. ఇంగ్లిష్ ఫైళ్లతో పరీక్షించి ‘అంతా బాగుంది’ అనుకున్న లింకు తెలుగు ఫైలుతో ఎందుకు ఆగిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పరీక్ష ఇలా చేయండి. 0 నుంచి 255 దాకా బైట్లన్నీ వరసగా ఉన్న 256 బైట్ల ఫైలు ఒకటి తయారు చేసుకోండి. దానితోపాటు పైన చెప్పిన ఊళ్ల పేర్లున్న చిన్న తెలుగు ఫైలు ఒకటి. రెండిటినీ ఏ ప్రోటోకాలూ లేకుండా పచ్చిగా పంపి, అవతల క్యాప్చర్ చేయించి, హెక్స్‌లో పోల్చండి. ఏ బైటు దగ్గర మారిందో, ఎక్కడ ఆగిందో అక్కడే మీ దారి గుణం తెలుస్తుంది.

లోపం కనిపిస్తే ముందు దారినే బాగుచేయడానికి ప్రయత్నించండి. ప్యాడ్ అయితే ఎక్స్.3 పారామీటర్లు (నంబర్లతో పిలిచే దాని సెట్టింగులు) మార్చాలి: 1ని 0 చేస్తే కంట్రోల్-పి ప్రభావం పోతుంది, 2ని 0 చేస్తే ఎకో (పంపిన అక్షరం తిరిగి రావడం) ఆగుతుంది, 3ని 0 చేస్తే ప్రత్యేక అక్షరం కనిపించినప్పుడల్లా ప్యాకెట్ పంపేయడం ఆగుతుంది. 5, 12 ఎక్స్‌ఆన్-ఎక్స్‌ఆఫ్‌కు సంబంధించినవి, 13 లైన్‌ఫీడ్ చేర్చడానికి, 15 ఎడిటింగ్‌కు. ఇవన్నీ 0 చేయండి. 3ని 0 చేశారు కాబట్టి 4ను మాత్రం 0గా వదలకూడదు. అది ఖాళీ సమయాన్ని సెకనులో ఇరవయ్యో వంతుల్లో కొలిచే టైమర్. 4 అని పెడితే 0.2 సెకను నిశ్శబ్దం తర్వాత చేతిలో ఉన్నదాన్ని ప్యాకెట్‌గా పంపేస్తుంది. అవతలి కంప్యూటర్ ఈ పారామీటర్లను మళ్లీ మార్చగలదు. కాబట్టి కనెక్ట్ అయ్యాక ఇంకోసారి చూసుకోండి.

టీఎన్‌సీ అయితే సంభాషణ మోడ్ వదిలేసి బైట్లను ఉన్నవి ఉన్నట్టు దాటనిచ్చే ట్రాన్స్‌పరెంట్ మోడ్‌కు వెళ్లండి. అంతకన్నా మంచిది ఏఎక్స్.25 పనిని కంప్యూటర్‌కే వదిలేసే కిస్ మోడ్. డైర్‌వుల్ఫ్ లాంటి సాఫ్ట్‌వేర్ టీఎన్‌సీ వాడితే ఈ గొడవ దాదాపు ఉండదు.

దారి మీ చేతిలో లేదు, ఏడు బిట్లే దాటుతాయి అన్నప్పుడు కెర్మిట్ తప్ప దాదాపు వేరే దారి లేదు. 1981లో కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంక్ డా క్రజ్, బిల్ క్యాచింగ్స్ దీన్ని సరిగ్గా ఇలాంటి మొండి దారుల కోసమే తయారు చేశారు. కంట్రోల్ బైట్లను, ఎనిమిదో బిట్ ఉన్న బైట్లను అచ్చులో కనిపించే అక్షరాలుగా మార్చి పంపుతుంది. రెండు వైపులా ‘సెట్ పారిటీ స్పేస్’ అని చెబితే చాలు. దీనికి మూల్యం ఉంది: ‘ల’ మూడు బైట్ల బదులు ఆరు, ‘ఓ’ ఏడు అవుతాయి. అందుకని తెలుగు ఫైలును ముందు జిప్ చేసి పంపండి. ఒకేరకం బైట్లు పదేపదే వచ్చే తెలుగు యూటీఎఫ్-8 చాలా బాగా నలుగుతుంది. నలిగిన ఫైలులో సుమారు సగం బైట్లకే ఎనిమిదో బిట్ గుర్తు పడుతుంది. జెడ్‌మోడెమ్ మామూలు రూపం ఏడు బిట్ల దారిలో నడవదు, దానితో కుస్తీ పట్టకండి.

రెండో అడుగు: కింది పొరలో తప్పులు ఎవరు దిద్దుతున్నారు?

ఎక్స్.25లో ప్రతి లింకు మీదా ఎల్‌ఏపీబీ అనే కింది పొర ప్రోటోకాల్ ఫ్రేములను (సమాచార ముక్కలను) తనిఖీ చేసి, చెడినవాటిని మళ్లీ తెప్పిస్తుంది. కనెక్ట్ అయి నడిచే ఏఎక్స్.25 కూడా అంతే. కింద ఈ పని జరుగుతున్నప్పుడు, పైన ఫైలు ప్రోటోకాల్ ప్రతి 128 బైట్లకూ ఆగి ‘అందిందా?’ అని అడగడం దండగ. ప్యాకెట్ రేడియో కోసమే పుట్టిన వైఏపీపీ ఈ నమ్మకం మీదే నడుస్తుంది: బ్లాకు బ్లాకుకూ జవాబు అడగకుండా పంపుకుంటూ పోతుంది. నేరుగా కనెక్ట్ అయిన రెండు హామ్ స్టేషన్ల మధ్య నేను మొదట సూచించేది ఇదే.

అయితే కింది పొర కాపలా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది చూడాలి. టీఎన్‌సీకీ కంప్యూటర్‌కూ మధ్య సీరియల్ కేబుల్‌ను ఏఎక్స్.25 కాపాడదు. అక్కడ బఫర్ పొంగి బైట్లు రాలిపోతే ఎవరికీ తెలియదు. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ తప్పనిసరిగా పెట్టండి. మోడెమ్ ద్వారా ప్యాడ్‌కు డయల్ చేసేవాళ్లకు ఆ ఫోను లైనూ కాపలా లేనిదే. అలాంటి చోట వైమోడెమ్-జి లాంటి, తప్పు దిద్దే శక్తి లేని ప్రోటోకాల్ వద్దు. కనెక్ట్ కాకుండా అందరికీ వినిపించేలా పంపే యూఐ ఫ్రేములకైతే కింది నుంచి ఏ భరోసా లేదు. ఒకే జాబితాను చాలా స్టేషన్లకు ఒకేసారి పంపాలంటే, బ్లాకులకు నంబర్లు వేసి, అందనివి మాత్రం అడిగించుకునే ఎఫ్ఎల్ఏఎమ్‌పీ తరహా పద్ధతి తీసుకోండి.

యూనిక్స్ యంత్రాల మధ్య ఫైళ్లు పంపే యూయూసీపీ వాడేవాళ్లకు ఒక మాట. అందులో ‘ఎఫ్’ ప్రోటోకాల్‌ను ఎక్స్.25 ప్యాడ్‌ల కోసమే చేశారు. ఏడు బిట్లలో నడుస్తుంది, మొత్తం ఫైలుకు ఒకే చెక్‌సమ్ (తప్పు పట్టే లెక్క). ఇంగ్లిష్ టెక్స్ట్‌కు చాలా వేగం. కానీ ఒక్క తప్పు దొర్లినా ఫైలంతా మళ్లీ మొదటినుంచి పోతుంది. కాబట్టి శుభ్రమైన లైను మీదే వాడండి.

మూడో అడుగు: జవాబు రావడానికి ఎంతసేపు పడుతోందో కొలవండి

1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ రాసిన ఎక్స్‌మోడెమ్ ఒక బ్లాకు పంపి, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చుంటుంది. సఖినేటిపల్లి రేవులో ఒకే పంటు ఉంటే ఎలా ఉంటుందో అలాగే: అది అవతలికి వెళ్లి తిరిగొస్తే గానీ ఇవతలి బండ్లు కదలవు. నది వెడల్పు పెరిగేకొద్దీ నిరీక్షణే ఎక్కువ.

లెక్క చూడండి. 2400 బిట్ల లైనులో సెకనుకు 240 బైట్లు. ఎక్స్‌మోడెమ్ బ్లాకు 132 బైట్లు, అంటే 0.55 సెకను. మధ్యలో ఉపగ్రహం గానీ, చాలా స్విచ్‌లు గానీ ఉండి జవాబుకు 1.5 సెకను పడితే, బ్లాకుకు రెండు సెకన్లు దాటుతుంది. నికరంగా సెకనుకు 62 బైట్లు. ఏడు నిమిషాల్లో పోవాల్సిన 100 కేబీ ఫైలుకు 27 నిమిషాలు.

ఎక్స్.25లో దీనికి ఇంకో తద్దినం ఉంది. అక్కడ మామూలు ప్యాకెట్ పరిమాణం 128 బైట్లు. ఎక్స్‌మోడెమ్ బ్లాకు 132. మొదటి 128 బైట్లు ఒక ప్యాకెట్‌లో వెళ్లిపోతాయి, మిగిలిన నాలుగూ ప్యాడ్ దగ్గరే ఖాళీ టైమర్ కోసం ఎదురు చూస్తాయి. ప్రతి బ్లాకుకూ ఇదే ఆలస్యం. 64 బైట్ల సెగ్మెంట్ల లెక్కన బిల్లు వేసిన రోజుల్లో ఆ నాలుగు బైట్లకూ ఒక సెగ్మెంట్ డబ్బు కట్టాల్సి వచ్చేది.

జవాబు అర సెకను లోపు వస్తే, ఫైలు చిన్నదైతే ఎక్స్‌మోడెమ్‌తో గడిచిపోతుంది. సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే పాత యంత్రంలో వేరేది దొరక్కపోతే తప్పదు కూడా. అంతకు మించి ఆలస్యం ఉంటే ఆగకుండా పంపేది కావాలి. చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో జెడ్‌మోడెమ్ రాసింది టెలినెట్ అనే ప్యాకెట్ నెట్‌వర్క్ సంస్థ డబ్బుతో, ఈ సమస్య కోసమే. బ్లాకు బ్లాకుకూ ఆగదు. ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్, కంట్రోల్-పి బైట్లను వాటి ఎనిమిదో బిట్ రూపాలతో సహా మార్చి పంపుతుంది. టెలినెట్ కమాండ్ సంకేతంలా కనిపించే ‘@’ తర్వాతి రిటర్న్‌ను కూడా వదలదు. ఎనిమిది బిట్లూ దాటే ఎక్స్.25 దారికి ఇది నా మొదటి ఎంపిక. నెట్‌వర్క్ బఫర్లు చిన్నవైతే విండో (జవాబు రాకముందే పంపగల మొత్తం) పరిమితి ఆప్షన్‌ను 2048 లేదా 4096 బైట్లకు పెట్టండి.

కెర్మిట్ నెమ్మది అనే అపవాదు పాతది. మొదటి రూపంలో ప్యాకెట్ 94 అక్షరాలు దాటేది కాదు, విండో లేదు. తర్వాత పొడవు ప్యాకెట్లు, స్లైడింగ్ విండోలు వచ్చాయి. ‘సెట్ విండో 4’, ‘సెట్ రిసీవ్ ప్యాకెట్-లెంగ్త్ 1000’ అని రెండు వైపులా పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. సెట్టింగులేవీ అర్థం కాని కొత్త దారిలో మాత్రం ‘రోబస్ట్’ అన్న ఒక్క ఆజ్ఞతో మొదలుపెట్టి, ఫైలు వెళ్లాక ఒక్కొక్కటే పెంచుకుంటూ రండి.

నాలుగో అడుగు (రేడియో వాళ్లకు): ఫ్రేమ్ పొడవు, విండో, మధ్య స్టేషను

ఎక్స్.25 వాళ్లు ఇది వదిలేయొచ్చు. ప్యాకెట్ రేడియోలో మాత్రం ప్రోటోకాల్ ఎంపిక కంటే ఈ సెట్టింగులే వేగాన్ని ఎక్కువ మారుస్తాయి.

1200 బిట్ల వేగం అంటే సెకనుకు 150 బైట్లు. 256 బైట్ల డేటా ఉన్న ఫ్రేము, తల తోకలతో కలిపి 276 బైట్లు, 1.84 సెకను. రేడియో ట్రాన్స్‌మిట్‌కు మారి స్థిరపడటానికి 0.3 సెకను, అవతలినుంచి జవాబుకు మరో 0.43 అనుకుంటే, ఒక్కొక్క ఫ్రేముగా పంపితే సెకనుకు సుమారు 100 బైట్లు. నాలుగు ఫ్రేములు వరసగా పంపి ఒక్క జవాబు తీసుకుంటే 127. ఏడు పంపితే 132. నాలుగు నుంచి ఏడుకు పెంచినా లాభం ఇంతే. నష్టం మాత్రం పెద్దది: ఏఎక్స్.25లో సాధారణంగా మొదటి ఫ్రేము చెడితే దాని వెనకాల వచ్చినవన్నీ బాగున్నా మళ్లీ పంపాలి. అందుకే ఎంత మంచి సిగ్నల్ ఉన్నా నాలుగు దాటవద్దంటాను.

సిగ్నల్ బలహీనమైతే పొడవు తగ్గించాలి. వెయ్యి బిట్లకు ఒకటి చెడే దారిలో 256 బైట్ల ఫ్రేము చెడకుండా చేరే అవకాశం 11 శాతం. 64 బైట్ల ఫ్రేముకు 51 శాతం. మంచి సిగ్నల్‌కు 256 బైట్లు, నాలుగు ఫ్రేములు. మధ్యస్థానికి 128, రెండు. బలహీనమైతే 64, ఒకటి. ఇక్కడినుంచి మొదలుపెట్టి సర్దుకోండి. వర్షంలో తడిసిన కొబ్బరి తోటల మధ్య నుంచి పంపేటప్పుడు ఎండాకాలంలో కుదిరిన సెట్టింగు కుదురుతుందని అనుకోకండి.

డెల్టా నేల చదును. 12 మీటర్ల ఎత్తు యాంటెన్నాకు రేడియో దిగ్మండలం 14 కిలోమీటర్లు, ఇద్దరికీ అంతే ఎత్తుంటే 28. అమలాపురం నుంచి రాజమహేంద్రవరం నేరుగా సుమారు 50 కిలోమీటర్లు, అందదు. రావులపాలెం రెండిటికీ దాదాపు 28 కిలోమీటర్ల దూరంలోనే ఉంది, కాబట్టి మధ్య స్టేషను అక్కడ పెట్టడం సహజం. అది డిజిపీటరా, నోడా అన్నది ఇక్కడ అసలు నిర్ణయం. డిజిపీటర్ విన్నదాన్ని తిరిగి చెప్పడమే గానీ బాధ్యత తీసుకోదు. ఒక్కో అంచెలో 80 శాతం ఫ్రేములు చేరితే, రెండు అంచెలు కలిపి 64 శాతమే చేరతాయి. రావులపాలెం దాటాక పోయిన ఫ్రేము కూడా మళ్లీ అమలాపురం నుంచే రావాలి. నోడ్ అయితే అంచె అంచెకూ జవాబు ఇచ్చి, పోయినదాన్ని తనే మళ్లీ పంపుతుంది. లిన్‌బీపీక్యూ లాంటి సాఫ్ట్‌వేర్‌తో చిన్న రాస్‌ప్‌బెర్రీ పై మీద కూడా నోడ్ నడుస్తుంది. ఫైళ్లు పంపే దారిలో డిజిపీటర్ పెట్టకండి.

అమలాపురం, రాజమహేంద్రవరం ఒకదానికొకటి వినిపించవు కాబట్టి రెండూ ఒకేసారి రావులపాలెం మీద పడి ఫ్రేములు చెడిపోతాయి. టీఎన్‌సీలో పర్సిస్ట్ విలువను 63 లేదా అంతకన్నా తక్కువ పెడితే స్టేషన్లు కొంచెం ఓపికగా ఆగుతాయి.

ఐదో అడుగు: టీసీపీ/ఐపీ కావాలా?

ఏఎక్స్.25 మీద టీసీపీ/ఐపీ (ఇంటర్నెట్ ప్రోటోకాళ్లు) నడపొచ్చు, ఎఫ్‌టీపీ వాడొచ్చు. ఎఫ్‌టీపీ మొదటి రూపాన్ని 1971లో రాసింది ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్ అని ఈ సందర్భంలో గుర్తుచేసుకోవడం నాకు ఇష్టం. ఇప్పటికీ ఆధారమైన నిర్వచనం 1985 నాటిది. కానీ 1200 బిట్లలో ప్రతి ప్యాకెట్‌కూ 40 బైట్ల తల బరువే. పైగా ఎఫ్‌టీపీ మామూలుగా ప్రతి ఫైలుకూ కొత్త డేటా కనెక్షన్ తెరుస్తుంది. చిన్న ఫైళ్లు చాలా ఉంటే ఒక్కటిగా కట్టగట్టి పంపండి, బైనరీ మోడ్ పెట్టడం మరవకండి. 9600 బిట్ల లింకు ఉన్నవాళ్లకు, రెండు మూడు రకాల నెట్‌వర్కులు దాటాల్సినవాళ్లకు ఎఫ్‌టీపీ సరైనదే.

ఎఫ్‌టీపీ కంటే సరళమైన టీఎఫ్‌టీపీని రేడియో మీద వాడొద్దు. దాని 512 బైట్ల బ్లాకు హెడర్లతో 544 అవుతుంది, 256 బైట్ల ఫ్రేముల్లో మూడు ముక్కలుగా విరుగుతుంది. ఒక ముక్క పోతే మూడూ మళ్లీ. ల్యాబులో పాత రౌటర్‌కు ఫైలు ఎక్కించడానికి అది బాగుంటుంది, అక్కడే ఉండనివ్వండి.

ఆరో అడుగు: మధ్యలో తెగితే ఏం చేస్తారు?

కరెంటు పోతుంది, బ్యాటరీ దిగుతుంది, నోడ్ రీస్టార్ట్ అవుతుంది. పది నిమిషాలకు మించి పట్టే ప్రతి ఫైలుకూ మధ్యనుంచి కొనసాగించే శక్తి ఉన్న ప్రోటోకాలే వాడండి. జెడ్‌మోడెమ్‌కు రికవరీ ఆప్షన్ ఉంది. కెర్మిట్‌లో బైనరీ ఫైళ్లకు ‘రీసెండ్’ ఉంది. వైఏపీపీలో చెక్‌సమ్, కొనసాగింపు ఉన్న రూపం తర్వాత వచ్చింది, రెండు వైపులా అదే ఉందో లేదో ముందే చూసుకోండి. ఎక్స్‌మోడెమ్‌కు ఈ శక్తి లేదు.

అవతలి మనిషి రేడియో దగ్గర లేకపోతే సందేశాలు దాచి ఉంచే మెయిల్‌బాక్స్ స్టేషను ద్వారా పంపాలి. బైనరీని టెక్స్ట్ ముక్కలుగా మార్చే సెవెన్‌ప్లస్ అందుకు ఉంది. చెడిన ముక్కల వివరాలతో ఒక చిన్న ఫైలు తయారు చేస్తుంది, అది వెనక్కి పంపితే ఆ భాగాలే మళ్లీ వస్తాయి.

పంపే ముందు చూసుకోవాల్సినవి

హామ్ బ్యాండ్లలో పంపాలంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్సు ఉండాలి. అక్కడ రహస్య సంకేతాల్లో సమాచారం పంపకూడదు, కాబట్టి సమాచారాన్ని రహస్యంగా మార్చి పంపే ఎస్‌ఎఫ్‌టీపీ, ఎస్‌సీపీ లాంటివి ఈ దారిలో లెక్కలోకే రావు. అందరికీ తెలిసిన పద్ధతిలో జిప్ చేయడం వేరు, పాస్‌వర్డ్ పెట్టి తాళం వేయడం వేరు. రెండోది చేయకండి. బాధితుల ఆరోగ్య వివరాలు రేడియోలో ఎవరైనా వినగలరు కాబట్టి పేర్ల బదులు కేంద్రం దగ్గర రాసుకున్న వరస నంబర్లు పంపండి. మామూలు ఫోన్లు పనిచేయని విపత్తు వేళ కలెక్టర్ లాంటి అధికారుల సందేశాలు అందించడానికి నిబంధనలు చోటిస్తాయి. ఆ సందేశం ఎవరి నుంచి ఎవరికో లాగ్‌లో రాయండి.

ఏ ప్రోటోకాల్ ఎంచుకున్నా ఫైలు చేరాక రెండు వైపులా దాని ఎండీ5 (ఫైలులోని బైట్ల నుంచి లెక్కించే గుర్తింపు) విలువలోని మొదటి ఎనిమిది అక్షరాలు వాయిస్‌లో చదివించి సరిపోల్చండి. సరిపోయాకే జిప్ విప్పి, పట్టికలో మొదటి వరస, చివరి వరస అవతలివాళ్ల చేత చదివించండి. ఆ లింకులో పనిచేసిన ఫ్రేమ్ పొడవు, విండో, టైమర్, ప్యాడ్ పారామీటర్లు అన్నీ ఒక కాగితం మీద రాసి రేడియో పక్కనే అతికించండి. నది మళ్లీ పెరిగినప్పుడు ఆ కుర్చీలో కూర్చునేది మీరే కాకపోవచ్చు.